మొదటి బెండింగుకే 808 కావాలా నాయనా?

మొన్న మధ్యాహ్నం క్యాంటీన్లో మా టీము కుర్రాడొకడు పెరుగన్నం కలుపుకుంటూ అడిగాడు. "అన్నా, నేను కూడా సర్క్యూట్ బెండింగ్ మొదలుపెడదామనుకుంటున్నా. మంచి వింటేజ్ డ్రమ్ మెషీన్ ఒకటి చెప్పవా? బడ్జెట్ ప్రాబ్లం లేదు, బోనస్ వచ్చింది." అడగడం పేరుకే. వాడి ఫోన్లో అప్పటికే మూడు ఫొటోలు సిద్ధంగా ఉన్నాయి. రోలాండ్ టీఆర్-606, బాస్ డీఆర్-110, ఆపైన ఎవరో అమెరికాలో అమ్ముతున్న సాక్షాత్తూ టీఆర్-808. వీటిలో ఏదో ఒకటి కొని, విప్పి, లోపల వైర్లు పెట్టి షార్ట్ చేసి వింత శబ్దాలు పుట్టిస్తాడట. అదీ మొదటిసారి. సోల్డరింగ్ ఐరన్ ఇంతవరకూ చేత్తో పట్టుకోలేదు (నేను వెటకారం చెయ్యట్లేదు, వాడే చెప్పాడు).

"బడ్జెట్ ప్రాబ్లం లేదు" అన్న ముక్క దగ్గరే నాకు తిక్క రేగింది. మీటింగుకి టైమైందని అక్కడ సగమే చెప్పి వదిలేశాను. మిగతా సగం ఇది. వాడొక్కడికే కాదు, వాడిలాంటి వాళ్ళు మన ఫీల్డులో బోలెడుమంది ఉన్నారు. కెమెరా అంటే ముందు అన్నిటికన్నా ఖరీదైన లెన్సు, సైకిలు అంటే ముందు కార్బన్ ఫ్రేము. నేర్చుకోవడం అనే పనిని కొనడం అనే పనితో మొదలెట్టే జాతి మనది. నన్నూ కలుపుకునే అంటున్నాను, నా నిర్వాకం కాసేపట్లో చెప్తా.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కలు. సర్క్యూట్ బెండింగ్ అంటే బ్యాటరీతో నడిచే ఏదో ఒక శబ్దాల పెట్టెని విప్పి, లోపలి సర్క్యూట్లో కలవకూడని చోట్లని కావాలని కలిపి, దాన్ని తయారుచేసినవాడు ఊహించని శబ్దాలు రాబట్టడం. రీడ్ గజాలా అని సిన్సినాటి మనిషి. ఆయన 1960ల్లో, కుర్రాడిగా ఉన్నప్పుడు, మూత ఊడిన ఓ బొమ్మ యాంప్లిఫయర్ని డెస్కు సొరుగులో పడేశాడట. అది లోపల ఏదో లోహపు వస్తువుకి తగిలి, షార్టయి, తనంతట తానే కూతలు మొదలెట్టింది. వేరేవాడైతే బ్యాటరీ పీకేసి ఊరుకునేవాడు. ఈయన మాత్రం ఎక్కడ తగిలితే ఈ కూత వస్తోందో వెతుక్కుంటూ పోయాడు. 1992లో ఈ పనికి సర్క్యూట్ బెండింగ్ అని పేరు పెట్టిందీ ఆయనే. ఎలక్ట్రానిక్స్ చదువు అక్కర్లేదు, చెవులుంటే చాలన్నది ఆయన వాదం. ఒక్కటి గమనించండి. ఈ విద్యకి ఆద్యుడు మొదలుపెట్టింది సొరుగులో పడేసిన బొమ్మతో. మనవాడికి మాత్రం 808 కావాలి!

808 సంగతి చూద్దాం. రోలాండ్ దాన్ని 1980 నుంచి 1983 దాకా తయారుచేసింది. మొత్తం 12 వేల చిల్లర. అంతే, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ సర్క్యూట్లతో అలాంటిది చెయ్యలేదు. ఇప్పుడు బాగున్న 808 ఒకటి కొనాలంటే వేల డాలర్లు పొయ్యాలి. కానీ మనవాళ్ళు మర్చిపోయేదేంటంటే, వచ్చిన కొత్తలో దాన్ని చాలామంది మెచ్చలేదు. అదే 1980లో రోజర్ లిన్ తెచ్చిన ఎల్ఎమ్-1లో అసలు డ్రమ్ముల రికార్డింగులే ఉన్నాయి. దానిముందు 808 డ్రమ్ము డ్రమ్ములా లేదన్నారు. ఆ మెచ్చకపోవడం వల్లే అది సెకండ్ హ్యాండ్ షాపుల్లో చవగ్గా దొరికింది. చవగ్గా దొరికింది కాబట్టే డబ్బుల్లేని కుర్రాళ్ళ చేతుల్లో పడి, భయం లేకుండా వాయించబడి, హిప్ హాప్, టెక్నో అయింది. ఇంకో తమాషా, దాని తాళాల శబ్దంలోని ఆ బుస కోసం రోలాండ్ వాళ్ళు ఏరికోరి లోపమున్న ట్రాన్సిస్టర్లు కొనేవారట. సెమీకండక్టర్ల తయారీ మెరుగుపడి అలాంటి చెత్త ట్రాన్సిస్టర్లు దొరకడం మానేశాక 808 కూడా ఆగిపోయిందని చెప్తారు. ఒకడు పనికిరాదన్న పార్టుతో చేసి, ఇంకొకడు పనికిరాదన్న ధరకి కొన్న పెట్టె అది. దాన్ని తీసుకొచ్చి ఇవాళ గాజు బీరువాలో పెట్టాం. మన దేశంలో 1982లోనే చరణ్‌జిత్ సింగ్ ముంబైలో 808ని పక్కన పెట్టుకుని పది రాగాలు రికార్డు చేశాడు. అప్పుడెవరూ పట్టించుకోలేదు. 2010లో మళ్ళీ విడుదలయ్యాక అందరూ నోరు తెరిచారు. ఆయనకి అది పురాతన వస్తువు కాదు, పనిముట్టు.

మరి నేను కూడా అదే అంటున్నాగా, భయం లేకుండా వాడమని, 808 మీద ప్రయోగం చేస్తే తప్పేంటి అని మావాడి లాజిక్కు. తప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి నైతికం, ఒకటి టెక్నికల్. టెక్నికల్ ముందు చెప్తాను, మన జనానికి అదే ఎక్కుతుంది :)

పాత డ్రమ్ మెషీన్లు స్థూలంగా రెండు కులాలు. 808, 606, డీఆర్-110 లాంటివి అనలాగ్. వాటిలో శబ్దం రికార్డయి లేదు. ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు, రెసిస్టర్లు కలిసి అప్పటికప్పుడు దాన్ని పుట్టిస్తాయి. గుడిగంటని కొడితే మోగి మోగి ఆగిపోతుందే, 808 బాస్ డ్రమ్ సర్క్యూట్ అదే పని కరెంటుతో చేస్తుంది. ఇలాంటి సర్క్యూట్లో తెలిసినవాడు చక్కటి మార్పులు చెయ్యొచ్చు. ఫలానా రెసిస్టర్ తీసేసి నాబ్ పెడితే మోత ఎక్కువసేపు నిలుస్తుంది, ఇంకోచోట పెడితే శ్రుతి మారుతుంది. కానీ దానికి సర్క్యూట్ డయాగ్రం చదవడం రావాలి. అది బెండింగ్ కాదు, ఇంజనీరింగ్. బెండింగు పద్ధతిలో గుడ్డిగా ఈ కాలుని ఆ కాలుకి తగిలించుకుంటూ పోతే మీకు దొరికేవి మూడే. ఏమీ జరక్కపోవడం, బుయ్‌మని ఒక హమ్, లేదా సన్నగా కాలిన వాసన.

రెండో కులం డిజిటల్. 1980ల మధ్యలో మెమరీ చిప్పుల ధరలు పడ్డాక వచ్చినవి. అసలు డ్రమ్ముల శబ్దాన్ని చిన్న చిన్న శాంపిల్స్‌గా రోమ్ చిప్పులో కాల్చిపెట్టి, బటన్ నొక్కినప్పుడు అక్కడినుంచి చదివి వినిపిస్తాయి. ఇక్కడ మన బుర్రలకి పండగ. రోమ్ చిప్పుకి అడ్రస్ లైన్లుంటాయి, డేటా లైన్లుంటాయి. 32 కిలోబైట్ల రోమ్ అయితే 15 అడ్రస్ లైన్లు, 8 డేటా లైన్లు. రెండు అడ్రస్ లైన్లని కలిపారనుకోండి, మెషీను అడిగేది ఒక చోటు, చిప్పుకి చేరేది ఇంకో చోటు. స్నేర్ మొదలై, మధ్యలో కాంగా ముక్క ఒకటి తొంగిచూసి, తాళం తోకతో ముగుస్తుంది. సీ ప్రోగ్రాముల్లో తప్పుడు పాయింటర్ పట్టుకుని జుట్టు పీక్కున్న రోజులు గుర్తున్నాయా? అదే ఇది. తేడా ఒక్కటే, సెగ్మెంటేషన్ ఫాల్ట్ ఇవ్వడానికి అక్కడ కాపలా ఎవడూ లేడు. ఎక్కడ చదవమంటే అక్కడ చదివేస్తుంది. ఇక డేటా లైన్లని కలిపితే శబ్దపు అంకెలోనే బిట్లు తారుమారవుతాయి. కింది బిట్లు కలిపితే కాస్త ఇసక రాలినట్టు ఉంటుంది, పైబిట్టు ముట్టుకుంటే డ్రమ్ము కాస్తా రేకు డబ్బా మీద సుత్తి దెబ్బవుతుంది. పదిహేను లైన్లలోంచి రెండేసి చొప్పున తీసుకుంటేనే 105 జతలు. డేటా లైన్లవి ఇంకో 28. ఒక్క చిప్పు చుట్టూ ఇంత ప్రపంచం ఉంది.

అసలు కీలకం ఇంకోటుంది. మీరు గెలికేది శాంపిళ్ళ రోమ్. ప్రోగ్రామ్ నడిచే చోటు కాదు. శాంపిల్ తప్పుగా చదివితే తప్పు శబ్దం వస్తుంది, అంతే. ప్రాసెసర్ పాపం తన పని తాను చేసుకుంటూ పోతుంది. అదే ప్రాసెసర్ తాలూకు లైన్లు కలిపితే మెషీన్ నిలువునా హ్యాంగ్. చాలాసార్లు ఆపి వేస్తే మళ్ళీ లేస్తుంది. కొన్నిసార్లు లేవదు.

ఆ లేవకపోవడం గురించే ఇప్పుడు నా నిర్వాకం. ఇది నైతికం.

2008లో ఆన్‌సైట్ పుణ్యమా అని సిన్సినాటిలో ఉన్నాను. పైన చెప్పిన గజాలా గారి ఊరే, కాకపోతే ఆ సంగతి నాకప్పటికి తెలీదు. రూమ్మేట్లు ఇండియా వెళ్ళిపోయారు, బయట మంచు, వారాంతం చెయ్యడానికేమీ లేదు. నెట్లో బెండింగ్ వీడియోలు చూసి పూనకం వచ్చింది. అదే ఊళ్ళో ఒక ముసలాయన బాస్ డీఆర్-110 అమ్ముతున్నాడని తెలిసి వెళ్ళాను. 1983 నాటి మోడలు. అరచేతికి కాస్త పెద్దది, నాలుగు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. అందులో శబ్దాలు మొత్తం ఆరు. ఆయన హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో ఒక్కడే కీబోర్డు వాయించి పాడేవాడట, వెనక తాళం ఈ పెట్టెది. వేళ్ళకి కీళ్ళవాతం వచ్చి మానేశాడు. పెట్టె వెనకాల తెల్ల టేపు మీద పెన్నుతో ఏ ప్యాటర్న్ ఏ పాటకో వరసగా రాసుకున్నాడు. మెమరీ చెరిపెయ్యనా అని అడిగి, నేను ఏదో ఒకటి అనేలోపే "వద్దులే, ఉండనీ, నీకు పనికొస్తాయి" అన్నాడు. 120 డాలర్లు తీసుకున్నాడు. గుమ్మం దగ్గర, దీంతో ఏమన్నా చేస్తే రికార్డు చేసి పంపు అని మెయిల్ ఐడీ ఒక చీటీ మీద రాసిచ్చాడు.

రెండో రాత్రికి అది చచ్చిపోయింది. నేనే చంపాను. మూత తీసి, రెండు క్లిప్పుల వైరు పట్టుకుని, ఏది ఏంటో తెలియకుండా ఒక్కో కాలూ తగిలిస్తూ పోయాను. మొదట్లో ఒకచోట క్లాప్ శబ్దం సాగి వింతగా వినపడింది. దాంతో ఇంకా ఉత్సాహం. పదకొండింటికి ఎక్కడో తగిలింది. డిస్‌ప్లే మీది చుక్కలన్నీ ఒక్కసారి నల్లగా మెరిసి ఆరిపోయాయి. సెల్స్ మార్చాను. ఆ పెట్టెని నడిపే చిప్పుకి ఆయువు తీరింది. అది బయట దొరికే చిప్పు కాదు. ఇంకో డీఆర్-110ని చంపితే తప్ప రాదు. ఆ ప్యాటర్న్‌లు కూడా దాంతోపాటే పోయాయి, నేను ఒక్కటి కూడా పూర్తిగా వినలేదు.

నెల తర్వాత ఆయన మెయిల్ పెట్టాడు, ఎలా ఉంది, ఏమన్నా చేశావా అని. "బాగా వాడుతున్నాను సార్, తొందర్లో పంపిస్తా" అని రాశాను. ఆయన ఇంకోసారి అడగలేదు. నేను ఇంకోసారి రాయలేదు.

అందుకని "నా డబ్బులు, నా మెషీను, నా ఇష్టం" అనే వాదన నా దగ్గర చెల్లదు. డబ్బులు నావే. మెషీను కూడా రసీదు ప్రకారం నాదే. కానీ కొన్ని వస్తువుల్లో ముందు మనిషి ఇంకా ఉంటాడు. కొన్నిటికి స్పేర్ పార్టు ఇంకో వస్తువు శవం తప్ప లేదు. అలాంటిదాని మీద చెయ్యి తిరిగినవాడు చెయ్యి వేస్తే నాకభ్యంతరం లేదు. మొదటిసారి చేసేవాడు మాత్రం తప్పకుండా ఏదో ఒకటి చంపుతాడు. కాబట్టి మొదటి మెషీను కొనేముందు వేసుకోవలసిన ప్రశ్న ఏది బాగా మోగుతుందని కాదు. ఏది చచ్చినా నేను ఎవరికీ మెయిల్ రాయక్కర్లేదు, అదీ ప్రశ్న.

ఇంతవరకూ చదివి కలెక్టర్ మహాశయులు తలూపుతూ ఉంటారు. ఊపకండి, మీతోనూ పేచీ ఉంది. పాతదైతే చాలు, స్క్రూ విప్పడమే పాపం అంటారు మీరు. నేనెప్పుడో బెండ్ చేసిన 505 ఫొటో చూసి ఒకాయన "చరిత్రని హత్య చేశావు" అన్నాడు. 505ని! మా తణుకులో 1990 ప్రాంతాల్లో వినాయక చవితి పందిట్లో ఆర్కెస్ట్రా వచ్చేది. ఆక్టోప్యాడ్ వాయించే ఆయన పక్కన స్టూలు మీద బూడిదరంగు పెట్టె ఒకటి ఉండేది. మేము పిల్లలం, ఆ ప్యాడ్ లోంచే శబ్దం వస్తుందనుకునేవాళ్ళం. చాలా ఏళ్ళకి తెలిసింది, ఆ తొలినాటి ఆక్టోప్యాడ్‌లో శబ్దమే లేదు. అది కొట్టిన దెబ్బని మిడి వైరులో పంపుతుందంతే, మోగేది పక్కనున్న పెట్టె. ఆ పెట్టె టీఆర్-505. దాని బ్యాటరీ మూత ఎప్పుడో పోయింది, సైకిల్ ట్యూబు కోసి చుట్టారు. ఒక బటన్ మీద సున్నంతో బొట్టు పెట్టుకున్నాడు, చీకట్లో కనబడాలని. వర్షం పడితే ముందు దాన్ని లుంగీలో చుట్టి పరిగెత్తేవాడు. ఆయనకి దాని విలువ మీకన్నా తెలుసు, కానీ దాన్ని బీరువాలో పెట్టలేదు. ఫ్యాక్టరీలో కుప్పలుతెప్పలుగా పోసిన వస్తువుకి గుడి కట్టడం భక్తి కాదండీ, రీసేల్ ధర మీద కన్ను.

ఇంకో వర్గం ఉంది. అంత అవసరమా, చార్మినార్ దగ్గర రెండొందలకి పిల్లల కీబోర్డు దొరుకుతుంది, దాన్ని విప్పుకోమంటారు. సలహా మంచిదే, కానీ విప్పి చూశారా? ఇప్పటి బొమ్మల్లో బోర్డు మధ్య నల్లటి బొట్టు ఒకటుంటుంది, తారు చుక్క పడ్డట్టు. చిప్పు మొత్తం ఆ బొట్టు కింద ఉంటుంది. అడ్రస్ లైన్లు, డేటా లైన్లు అన్నీ లోపలే. మీకు దొరికేది వేగాన్ని నిర్ణయించే రెసిస్టర్ ఒక్కటి. దాన్ని మారిస్తే బొమ్మ గొంతు రాక్షసుడిలా అవుతుంది, ఒక పూట సరదా. సోల్డరింగ్ చెయ్యి తిరగడానికి వాడుకోండి, మంచిదే. అంతకుమించి లోపలికి తలుపు లేదు.

పాత మెషీను ఎందుకు కావాలంటే ఇందుకు. నోస్టాల్జియా కోసం కాదు, "వార్మ్ సౌండ్" అని కళ్ళు మూసుకోవడానికీ కాదు. 1986 నాటి బోర్డులో చిప్పుకి కాళ్ళు బయటికి ఉంటాయి. వేలితో లెక్కపెట్టొచ్చు, క్లిప్పుతో పట్టుకోవచ్చు. మెమరీ ఒకచోట, ప్రాసెసర్ ఒకచోట, మధ్యలో వైర్లు కనబడుతూ ఉంటాయి. ఆ తర్వాత అన్నీ ఒకే చిప్పులోకి ముడుచుకుపోయాయి. చూడగలిగే చివరి తరం అది. మనం రోజూ పదిమంది రాసిన లైబ్రరీల మీద లైబ్రరీలు పేర్చి, కింద ఏం జరుగుతోందో తెలియకుండానే ఇంక్రిమెంట్లు తీసుకుంటున్నవాళ్ళం. ఒక్క అడ్రస్ లైను వేలి కింద కదిలితే శబ్దం ఎలా మారుతుందో చెవితో విన్నాక, ఇరవయ్యేళ్ళ క్రితం మైక్రోప్రాసెసర్ లాబ్‌లో బట్టీ పట్టిన ముక్క నాకు మొదటిసారి అర్థమైంది. ఆ లాబ్‌లో కిట్టు మీద చెయ్యి వేస్తే ఫైను, అది వేరే సంగతి.

కాబట్టి బాబూ, నీకు నా జవాబు: టీఆర్-505. 1986 నాటిది, పదహారు శబ్దాలు. ఎవరికీ మోజు లేని శబ్దాలు. అదే దాని గొప్పతనం. ఎలాగూ పాడు చెయ్యబోయేదానికి అందమెందుకు? నేను డీఆర్-110 పాపం చేసిన ఏడాదికి 60 డాలర్లకి కొన్నాను. ఇప్పుడు అన్ని పాత వస్తువులతో పాటు దాని ధరా పెరిగింది, కానీ ఇంకా 808 మోజు దానికి అంటలేదు. నేను విప్పినదాంట్లో శాంపిళ్ళ రోమ్ కాళ్ళు చక్కగా అందాయి. మిడి ఉంది కాబట్టి దాని సొంత ప్యాటర్న్‌లు తికమకైనా ల్యాప్‌టాప్ నుంచి వాయించవచ్చు. అంతా అయ్యాక స్విచ్చులు పెట్టడానికి డబ్బాలో చోటుంది. 505 దొరక్కపోతే 1987 నాటి టీఆర్-626, దాంట్లో ముప్ఫై శబ్దాలు. అలెసిస్ హెచ్‌ఆర్-16 కూడా బెండింగు వాళ్ళకి ఇష్టమైనదే. శాంపిళ్ళు 16 బిట్లవి కాబట్టి చెడినప్పుడు కూడా దర్జాగా చెడతాయి :) కానీ దానికి 9 వోల్టుల ఏసీ అడాప్టర్ కావాలి, డీసీ కాదు. కోఠీలో అడిగితే సగం మంది షాపువాళ్ళు డీసీదే చేతిలో పెడతారు. మొదటిసారికి ఆ తలనొప్పి వద్దు.

కరెంటు మాట వచ్చింది కాబట్టి ఇక్కడ మాత్రం జోకుల్లేవు. గోడ ప్లగ్గులోంచి నేరుగా కరెంటు తీసుకునే మెషీన్ విప్పి బెండ్ చెయ్యొద్దు. మొదటిసారే కాదు, ఎప్పుడూ వద్దు. 808, 909 ఆ బాపతే. పైగా అమెరికా, జపాన్ సరుకు అక్కడి తక్కువ వోల్టేజీకి చేసింది, మన 230కి తగిలిస్తే మీరు బెండ్ చెయ్యక్కర్లేదు, అదే వంగిపోతుంది. 505 ఆరు పెన్సిల్ సెల్స్ మీద నడుస్తుంది. విప్పినంతసేపూ సెల్స్ మీదే నడపండి. అడాప్టర్ పెట్టేట్టయితే గుర్తుంచుకోండి, రోలాండ్, బాస్ వాళ్ళ ఆ కాలపు 9 వోల్టుల అడాప్టర్లలో మధ్య పిన్ను నెగటివ్. మన బజార్లో దొరికేవాటిలో ఎక్కువ దానికి తిరగేసి ఉంటాయి.

తర్వాత పని చాలా బోరు. ముందు మల్టీమీటర్. 5 వోల్టులు ఏయే కాళ్ళ మీద ఉన్నాయో, గ్రౌండు ఎక్కడుందో వెతికి వాటి పక్కన ఎర్ర మార్కర్‌తో చుక్క పెట్టండి. ఆ చుక్కలున్నవాటిని దేనికీ కలపకూడదు. నేను ఆ రాత్రి చెయ్యనిది ఇదొక్కటే, పది నిమిషాల పని. కలిపే వైరు మధ్య ఒక రెసిస్టర్ పెట్టండి, వెయ్యి ఓముల దగ్గర మొదలెట్టి శబ్దం మారకపోతే తగ్గించుకుంటూ రండి. రెండు డేటా లైన్లు కలిపినప్పుడు ఒకటి సున్నా అంటే ఇంకోటి ఒకటి అంటుంది, ఆ కుస్తీలో చిప్పు వేడెక్కకుండా అది కాపాడుతుంది. ఏ కాలు ఏ కాలుకి కలిపితే ఏ శబ్దమొచ్చిందో పుస్తకంలో రాసుకోండి. నచ్చిన మూడు దొరికాక అప్పుడు సోల్డరింగ్. ముప్ఫై స్విచ్చులు పెట్టి విమానం కాక్‌పిట్ చెయ్యాలన్న సరదా రెండో మెషీనుకి దాచుకోండి.

చివరగా, "ఇదంతా ఎందుకు, ప్లగిన్ ఉందిగా" అనే పెద్దమనుషులకి. ఉంది. బ్రహ్మాండంగా ఉంది. అందులో కంట్రోల్ జడ్ కూడా ఉంది. నాకు నచ్చనిది అదే. ఆ ప్లగిన్లో వచ్చే ప్రతి తప్పూ ఒక ప్రోగ్రామర్ ముందే అనుకుని రాసిన తప్పు. 505లో నేను ఏ6ని ఏ11కి కలిపినప్పుడు వచ్చిన ఆ దగ్గు లాంటి శబ్దాన్ని జపాన్లో ఎవరూ డిజైన్ చెయ్యలేదు, ఎవరూ టెస్ట్ చెయ్యలేదు. అలాంటి శబ్దం ఒకటి మనింట్లో, మన చేతికింద, ఏ రిక్వైర్‌మెంట్ డాక్యుమెంటూ లేకుండా పుడుతుంటే అర్ధరాత్రి ఒంటిగంటకి నవ్వొస్తుంది. వారానికి అరవై గంటలు స్పెసిఫికేషన్ ప్రకారం బతికేవాళ్ళకి ఆ నవ్వు కావాలని నా గట్టి నమ్మకం.

మావాడికి ఇందాకే మెసేజ్ పెట్టాను. 808 ఫొటోలు డిలీట్ చెయ్యమని, నా దగ్గరున్న రెండో 505 ఇస్తాననీ. దాని ఎల్‌సీడీ సగం కనబడదు, రెండు బటన్లు గట్టిగా నొక్కాలి. చచ్చిపోతే చచ్చిపోనీ. శనివారం పొద్దున గుజరాతీ గల్లీకి వెళ్ళి మల్టీమీటర్, క్లిప్పు వైర్లు, వెయ్యి ఓముల రెసిస్టర్లు ఒక పాతిక, ఎర్ర మార్కర్ తెచ్చుకోమన్నాను. "అడాప్టర్ కూడా తేనా అన్నా?" అని అడిగాడు. వద్దురా, ఆరు సెల్స్ తెచ్చుకో చాలు.